త్రేన్పుల డబ్బా

వినోద్ కారుకి రెండే నియమాలు. చేపల బుట్ట అందులో ఎక్కకూడదు. దేవి చెయ్యి స్టీరింగు మీద పడకూడదు.

మొదటి నియమం విని, భోగాపురం అవతల సముద్రపొడ్డున ఉన్న ఆ ఊరంతా ముక్కున వేలేసుకుంది. చేపల మీదే బతికిన ఇల్లది. తండ్రి పోతురాజు తెప్ప మీద వేటకెళ్లి ఇల్లు కట్టాడు. తల్లి నారాయణమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది. వినోద్ విశాఖ హార్బరులో మరబోటు నడిపే సరంగు. అలాంటి ఇంటి ముందు చేపకి చోటులేని బండి. రెండో నియమం గురించి ఊరు ఏమీ అనుకోలేదు. దేవి మాత్రం అనుకుంది.

దేవిది నౌపడ. వాళ్ల నాన్నకి ఉప్పు తోలే చిన్న వ్యాను ఉండేది. చక్రం జానెడు పక్కకి జరిగితే ఉప్పుమడిలో పడే సన్నటి గట్ల మీద పెళ్లికి ముందే ఆమె ఆ వ్యాను నడిపింది. లైసెన్సు కూడా ఉంది. ఆ మాట ఎత్తితే వినోద్ నవ్వేవాడు.

"ఉప్పు బండి వేరు, టర్బో వేరే దేవీ. ఇది శానా సున్నితం."

ఎంత సున్నితమో చూపించడానికి బానెట్ ఎత్తేవాడు. ఓ మూల రెండు గొట్టాలు తగిలించిన నల్లటి డబ్బా ఉండేది. విజయనగరంలో మెకానిక్ యుగంధర్ చేత బిగించుకున్నాడు. దాని పేరు ఆయిల్ క్యాచ్ క్యాన్. అది పెట్టించిన రోజు ఇంటిల్లిపాదినీ పిలిచి నిలబెట్టాడు.

"ఇంజనుకి త్రేన్పులొస్తాయి. లోపల మంట మండినప్పుడు కొంత గాలి పిస్టను పక్కనుంచి కిందకి జారిపోతాది. అక్కడున్న నూనె తుంపర్లని ఎంటేసుకుని పైకొస్తాది. దాన్ని బయటికొదల్రు. గొట్టమెట్టి మళ్లీ ఇంజను నోట్లోకే పంపుతారు. దార్లో టర్బో ఉన్నాది, గొట్టాలున్నాయి. అన్నీ జిడ్డోడిపోతాయి. ఈ డబ్బా మధ్యలో కూకుని నూనెని పట్టుకుంటాది, గాల్ని పోనిస్తాది."

నారాయణమ్మ శ్రద్ధగా విన్నది. "అయితే మీ నాన్నకీ ఒకటి బిగించరా. కూడు తిన్నాక ఆ మనిషి పక్కన కూకోలేకపోతన్నాను."

పోతురాజు వల కుడుతూ తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దాని పేరు త్రేన్పుల డబ్బా.

వినోద్ బోటెక్కితే మళ్లీ వారం దాటాకే ఇంటి మొహం చూసేది. వెళ్లేముందు తాళం దేవి చేతిలో పెట్టేవాడు.

"రోజూ పొద్దున్న ఓపాలి స్టార్ట్ సేసి ఆపు, బేటరీ పడిపోకుండా. ఉన్నచోటే. గేరు ముట్టుకోకు."

దేవి తల ఊపేది. ఆమె తల ఊపడం ఒప్పుకోవడం కాదని ఇన్నేళ్లయినా అతనికి తెలియలేదు.

వానల్లో ఆటోవాళ్లు నారాయణమ్మ బుట్టలు ఎక్కించుకోవడం మానేశారు. ఎయిర్‌పోర్టు పనులకు పోయేవాళ్లు వాసనని గోల పెడుతున్నారట. మోకాళ్లు చూస్తే జంక్షను దాకా నడవనిచ్చేలా లేవు. అక్కడి సంతలో ఆమె కూర్చునే చోటు కొన్నాళ్లు ఖాళీగా కనబడితే ఇంకెవరో గోనె పరిచేస్తారు. ఒక పొద్దున్న దేవి ఇంజను స్టార్ట్ చేసి ఉన్నచోటే కూర్చుంది. నారాయణమ్మ బుట్టలు దించుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. ఆటో ఆగలేదు. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆడేడున్నాడు ఇప్పుడు?"

"సముద్రం మీదున్నాడు కదత్తా."

"అయితే డిక్కీ తియ్యి."

అలా మొదలైంది. డిక్కీలో టార్పాలిను, దాని మీద బుట్టలు. జంక్షను ఎంతో దూరం లేదు, ఇలా ఎక్కితే అలా దిగడమే. వినోద్ వచ్చే ముందు సర్ఫు నీళ్లు, నిమ్మచెక్కలు, ఆఖర్న సాంబ్రాణి. తలుపు తీస్తే గుడిలోకి వెళ్లినట్టుండేది. "నా బండంటే ఎంత బక్తే నీకు" అని అతను మురిసిపోయేవాడు. కిలోమీటర్ల అంకె వైపు చూసేవాడే కాదు. అతని చూపంతా డబ్బా మీదే. అడుగు మూత విప్పి, అందులోంచి జారే నాలుగు చుక్కల నల్లటి నూనె చూసుకుని, బిడ్డ పన్ను చూసిన తండ్రిలా సంబరపడేవాడు.

చలి ముదిరింది. వినోద్ రేపొస్తాడనగా దేవి ఎందుకో అనుమానమొచ్చి డబ్బా విప్పి చూసింది. నల్ల నూనె లేదు. పసుపు తిరిగిన తెల్లటి ముద్ద, విరిగిన జున్నుపాలలా ఉంది.

"అత్తా, ఇది మజ్జిగైపోయింది."

"నువ్వేటి పోసావు?"

"నేనేటీ పొయ్యలేదు."

నారాయణమ్మ వంగి చూసింది. "ఆడు సూత్తే అడుగుతాడు. కడిగీసి నూనె పొయ్యి."

వంట నూనె మరీ తేటగా ఉంది. ఇంట్లో ముదురు రంగు నూనె ఇంకొకటే ఉంది. తెప్ప కొయ్యలకి రాయడానికి పోతురాజు సీసాలో దాచుకున్న సొర నూనె. ఉప్పునీళ్లలో నానే కొయ్యనే కాపాడే నూనె, ఇనుముని కాపాడదా అని నారాయణమ్మ వాదించింది. దేవికి అందులో తప్పేమీ కనబడలేదు. తెప్పకి పూసి అలవాటైన చెయ్యి, అత్తే ధారాళంగా పోసింది. డబ్బా నిండుకుండైంది.

మర్నాడు వినోద్ వస్తూనే బండి స్టార్ట్ చేసి గట్టిగా తొక్కాడు. వెనక గొట్టంలోంచి తెల్లగా పొగ లేచింది. పొగతో పాటు వేపుడు వాసన. గోడ మీద పడుకున్న పిల్లి లేచి ఒళ్లు విరుచుకుంది. సందులోంచి ఇంకో రెండు వచ్చాయి. అతను దిగి వెనక్కి వెళ్లేసరికి అవి గొట్టం ముందు విస్తరి వేసే దాకా ఆగేవాళ్లలా కూర్చున్నాయి.

"ఏటే ఇది? నా బండి సొర వేపుతన్నాది."

"సముద్రం గాలి" అంది నారాయణమ్మ.

పోతురాజు మొదటిసారి తల ఎత్తాడు. "నా సొర నూనె సీసా ఎవులు..."

"నువ్వు వల సూసుకో."

ఆయన వల చూసుకున్నాడు. కానీ సరంగుకి సొర నూనె వాసన ఒకరు చెప్పాలా? వినోద్ డబ్బా విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత దేవిని చూశాడు. నిజంలో సగం మాత్రమే చెప్పడం ఆమెకి బాగా చేతనవును.

"నీ డబ్బాలో మజ్జిగలాంటిదేదో సేరింది మావా. పాడైందనుకుని కడిగి నూనె పోసాం. ఖాళీగా ఉంటే నువ్వు బెంగెట్టుకుంటావని."

తిడతాడని కాచుకుంది. వినోద్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మజ్జిగా?" అన్నాడు నీరసంగా. నూనెలో నీళ్లు కలిశాయంటే ఇంజను తల దగ్గర ఆ రెంటినీ విడదీసే గాస్కెట్ పోయినట్టేనని ఫోనులో బోలెడు వీడియోలు చూసినవాడు. వెంటనే యుగంధర్‌కి ఫోను కొట్టాడు.

యుగంధర్ మోటారు సైకిలు మీద వచ్చి ఇంజను నూనె మూత తీశాడు. మూత లోపల సన్నగా మీగడ కట్టి ఉంది. రేడియేటరు నీళ్లు చూశాడు, తగ్గలేదు.

"గాస్కెట్ బానే ఉన్నాది బావా. ఇంజను కాగట్లేదు, అంతే. ఈ సలికి నాలుగడుగులు తిప్పి ఆపేస్తే లోపల తడి ఆరదు. నూనెతో కలిసి ఇలాగే మీగడ కడతాది. దగ్గర దగ్గర ఎవులు తిప్పుతన్నారు?"

నారాయణమ్మ తన చీర కుచ్చిళ్లకి పొలుసులేమైనా అంటుకున్నాయా అని చూసుకుంది.

"ఎవులూ తిప్పరు. రోజూ ఉన్నచోటే స్టార్ట్ సేసి ఆపమన్నాను" అన్నాడు వినోద్.

"అదే మరి. నువ్వే సేసుకున్నావు. అది మానిపించు."

దేవి ఊపిరి తీసుకునేలోపే వినోద్ తాళం జేబులో వేసుకున్నాడు. "అయితే బేటరీ వైరు పీకేసి, తాళం నాతో పట్టుకుపోతాను."

నారాయణమ్మ గుమ్మంలో కూలబడింది. దేవి ఆ జేబు వైపు చూసింది. అందులో తాళం ఒక్కటే లేదు. రేపటి నుంచి అత్త జంక్షనుకి వెళ్లడమూ, ఆ గోనె పరిచే చోటూ, పొద్దున్నే ఆ కాసేపు తన చేతిలో బండి ఉండడమూ అన్నీ ఉన్నాయి.

"అన్నా, తెలీకడుగుతాను" అంది యుగంధర్‌తో, బాగా తెలిసే. "ఈ ఉప్పుగాల్లో బండి కదలకుండా పడుంటే ఏటీ అవ్వదా? నౌపడలో మా నాన్న వ్యానుకి బ్రేకులు పట్టేసి, ఊరంతా తోసినా కదల్లేదు."

"ఎందుకవ్వదు? పట్టేస్తాయి. బండి తిరగాలి. ఇంజను బాగా కాగేలా దూరం తిరగాలి."

"నేను నీటి మీదుంటే ఎవులు తిప్పుతారురా?"

యుగంధర్ దేవిని చూశాడు. నారాయణమ్మని చూశాడు. ఇంకా కదలని పిల్లుల్ని చూశాడు. "సెల్లెమ్మకి లైసెన్సుందని నువ్వే సెప్పావు కదా" అనేసి, డబ్బా శుభ్రంగా తుడిచి బిగించి, టీ తాగి వెళ్లిపోయాడు.

"నాకొద్దు మావా. టర్బో అంటే బయ్యం" అంది దేవి. నారాయణమ్మ అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. బాగా బతిమాలించుకున్నాకే కోడలు ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున్న దేవి స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన వినోద్. వెనక నారాయణమ్మ, గాలికొస్తానని. దేవి క్లచ్చి వదిలి బండి ఆపేసింది. మళ్లీ ఆపేసింది. ఇండికేటరు వెయ్యమంటే వైపరు వేసింది. వినోద్ ఓపిగ్గా, చంటిదానికి అన్నం కలిపి పెట్టినట్టు, ఒక్కొక్కటే చెప్పాడు. ఊరు దాటాక ఆమెకి నటించడం విసుగొచ్చింది. కొంతసేపటికి నటిస్తున్నానన్న సంగతే మరిచిపోయింది. జంక్షను రాగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కొబ్బరిబోండాల బండికీ కరెంటు స్తంభానికీ మధ్య సందులోకి ఒక్క విసురులో కారు వెనక్కి వెళ్లి నిలబడింది.

వినోద్ నోరు తెరిచాడు. మాట వచ్చేలోపు వెనక డిక్కీ లేచింది.

"ఏటే దేవీ, ఈవేళింత ఆలస్యం?" సంతలో నారాయణమ్మ పక్కన కూర్చునే తవిటమ్మ గొంతు అది. పొరుగూరి మనిషి. "బుట్టలేయి? మా నెత్తళ్లు అలాగే ఉండిపోనాయి, పోయేటప్పుడు మా ఊరికాడ దింపీ." బుట్ట దభీమని పడింది. ఆమె ముందుకొచ్చి కిటికీలోంచి వినోద్‌ని ఎగాదిగా చూసింది. "ఈ గుంటడెవులు, కొత్త కిలీనరా?"

వినోద్ ఇంజను ఆపి తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"వానల కాలం నుంచి" అంది దేవి. ఇక సగాలు చెప్పడానికి మనసొప్పలేదు. "తాళం నీది, పట్టుకుపో. అత్త రాకపోతే ఆ గోనె మీద రేపింకెవులో కూకుంటారు. అది సెప్పకపోడమే నా తప్పు."

"ఒరే, దాన్నేటీ అనకు" అంది వెనకనుంచి నారాయణమ్మ. "నేనే డిక్కీ తియ్యమన్నాను."

వినోద్ తాళం అటూ ఇటూ తిప్పాడు. స్తంభం వైపు చూశాడు, బోండాల బండి వైపు చూశాడు. రెంటికీ కారుకీ మధ్య చెయ్యి పట్టేంత చోటు కూడా లేదు. ఆ సందులోకి తానైతే ఇంత సులువుగా రాలేడని అతనికి తెలుసు. తాళం మళ్లీ పెట్టి తిప్పాడు.

"ఇంటికీ ఇక్కడికీ ఎంతే, నీళ్లు కూడా కాగవు. ఇలాగ తిప్పితే మళ్లీ మజ్జిగే. ఇజీనగరం పోనీ."

"సేపల్తోనా?"

వినోద్ కిటికీ అద్దం కిందకి దించుకున్నాడు.

"తవిటీ, వంజరాలుంటే అవీ ఎయ్యి" అని కేకేసింది నారాయణమ్మ. "నువ్వూ ఎక్కీ. ఇజీనగరంలో బాగా పోతాయి."

డిక్కీ నిండింది. వెనక సీటు నిండింది. మిగిలిన ఒక్క బుట్టా నీళ్లోడుతూ వచ్చి వినోద్ ఒళ్లో కూర్చుంది. హైవే ఎక్కాక దేవి మూడో గేరు వేసి కాలు అదిమింది. బానెట్ కింద టర్బో సన్నగా ఈల వేసింది.

"ఇంకొంచెం" అన్నాడు వినోద్, బుట్టని రెండు చేతులా పట్టుకుని.