ఊదా రంగు పొర

"నీ గాజుముక్కలతోటి మనింట్ల ఒక్క కరెంటు బుగ్గన్న ఎలిగిందా?" అన్నాడు కోటేష్, జొన్నరొట్టె తుంచుకుంటూ.

సరళ పెనం మీది రొట్టె తిప్పుతోంది. అతను నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్న మాటకు కోపం తెచ్చుకోవచ్చో లేదో పెళ్లయినప్పటి నుంచీ ఆమెకు తేలనే లేదు.

కోటేష్‌కు కొత్తగూడెం బొగ్గుగనిలో ఉద్యోగం. సరళ జూలూరుపాడు నుంచి రోజూ బస్సులో ఖమ్మం వెళ్లి, ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తుంది. తను చేసేవి ఇళ్ల మీద కనిపించే సోలార్ పలకల్లాంటివి కావని పెళ్లయిన కొత్తలో అతనికి వివరంగా చెప్పింది. ఒక రకం ప్లాస్టిక్‌ను సిరాలా కరిగించి గాజు మీద పూస్తారు. వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు ఆ పొర. వెలుగు తగలగానే అందులో ఒక ఎలక్ట్రాన్ లేస్తుంది, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి వదలవు. ఎలక్ట్రాన్‌ను లాక్కునే మరో పదార్థం పక్కనే ఉంటేనే విడిపోయి, చెరో వైపూ నడిచి కరెంటవుతాయి. లేకపోతే మళ్లీ కలిసిపోతాయి, అందిన వెలుగు వృథా. అందుకే రెండు పదార్థాలనూ కలిపే పూస్తారు. అంతా విని కోటేష్, "అంటే మొగుడూ పెండ్లాం ఇడిపోతేనే కరెంటొస్తదంటవ్," అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. తనూ నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు ల్యాబులో గాజుముక్కను కడిగి ఆరబెట్టి, నారింజ రంగు సిరా చుక్క వేసి, గిర్రున తిప్పే యంత్రం మీద పెట్టి నడిపిందో లేదో ఫోన్ మోగింది.

"అమ్మకు సోయి లేదు. జల్దీ రా," అన్నాడు కోటేష్.

యంత్రాన్ని మధ్యలోనే ఆపి, ఇంకా తడిగా ఉన్న గాజుముక్క మీద ఒక గాజు మూత బోర్లించి బస్టాండుకు పరుగెత్తింది. ఇల్లు చేరేసరికి అత్త సుశీలమ్మ గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఆడబిడ్డ అత్తగారి వాళ్లు వచ్చారు. కోడి కోసి ఉంది.

"గట్ల చెప్పకుంటే నువ్వు వస్తవా?" అన్నాడు, ఆ రోజు సెలవులో ఇంట్లోనే ఉన్న కోటేష్.

అత్తమ్మ బాగానే ఉందన్న సంతోషమా, మోసపోయానన్న ఏడుపా, ఏది ముందొచ్చిందో తేల్చుకోలేక సరళ మసాలా నూరింది.

మర్నాడు ఆ గాజుముక్కను పారేద్దామని మూత తీసింది. పొర ముదురు ఊదా రంగులో ఉంది. ఆమె చేసినవేవీ అంత చిక్కటి రంగు తేలేదు. ఎందుకో పారేయబుద్ధి కాక, దాని మీద అల్యూమినియం పూత వేయించి, దీపం కింద పెట్టి కొలిచింది. మీటరు చెడిపోయిందనుకుంది. మళ్లీ కొలిచింది. తను చేసిన సోలార్ సెల్ ఏదీ ఇంతవరకూ అంత కరెంటు ఇవ్వలేదు.

"ఏం చేసినవమ్మా?" అన్నారు ప్రొఫెసర్ బాలకృష్ణ.

"ఏం చెయ్యలే సార్. మధ్యల ఇడిసిపెట్టి ఇంటికి పోయిన."

ఆయన నవ్వారు. "మంచిదే వచ్చింది. హైదరాబాద్ సదస్సుల దీని గురించి భాస్కర్ చెప్తడు. నీకు ఇల్లు ఇడిసి పోవుడు కుదరదు గదా." భాస్కర్ అదే ల్యాబులో ఇంకో విద్యార్థి. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "అవ్ సార్," అంది సరళ. అలా ఎందుకన్నదో దారి పొడుగునా ఆలోచించినా అంతు చిక్కలేదు.

ఇంట్లో చెబితే కోటేష్ తొడ చరిచాడు. "సూసినవా? నేను ఫోన్ చెయ్యకుంటే గది అయ్యేదా?"

ఆ మాట ముల్లులా దిగింది. నిజమేనేమో. అతను అబద్ధం చెప్పి లాక్కొస్తేనే కదా! అయితే తన చదువు, ఇన్నాళ్ల చాకిరీ ఎటు పోయినట్టు? తనకు పని వచ్చా, రాదా?

తెల్లారి ల్యాబుకు వెళ్లి కావాలనే అదంతా మళ్లీ చేసింది. యంత్రాన్ని ముందే ఆపి, తడి పొర మీద మూత పెట్టి పక్కనే కూర్చుంది. చేతిలో ఏ పనీ లేకుండా అలా కూర్చోవడం కొత్తగా, తప్పు చేస్తున్నట్టుగా ఉంది. నారింజ రంగు నిదానంగా ఊదాలోకి దిగింది. గబగబా ఆరితే ఆ ప్లాస్టిక్‌లోని పాలిమర్ గొలుసులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. మెల్లగా ఆరితే వరుసలో సర్దుకుని కరెంటుకు దారి ఇస్తాయి. పుస్తకాల్లో చదివిందే. పోల్చుకోవడానికి మూత పెట్టకుండా ఇంకొకటి చేసింది. అది ఎప్పటిలాగే వచ్చింది. మూత పెట్టిన దానికి మాత్రం మీటరు నిన్నటి అంకే చూపించింది. ఫోన్ లేదు, అబద్ధం లేదు. అయినా అదే అంకె.

"సార్, హైదరాబాద్‌కు నేనే పోత."

"ఇంట్ల అడిగినవా?"

"లే సార్. భాస్కర్‌ను గట్ల అడిగిన్రా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే," అన్నారు.

ప్రయాణం రోజు పొద్దున కోటేష్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి నవ్వడం లేదు.

"నువ్వు లేకుంటే ఇల్లెట్ల నడుస్తది?"

బ్యాగులో చీర పెడుతున్న సరళ నిజంగానే ఆలోచించింది. 

"నాకేం తెలుసు," అంది. "నేనెన్నడూ ఇల్లు ఇడిసి పోలే గదా. నువ్వే సూసి, వచ్చినంక నాకు చెప్పు."