వరదయ్య బండికి మూడో పైపు

రేణిగుంట రోడ్డులో నాగవేణి మెకానిక్ షెడ్డు తెరిచి పది నెలలైంది. ఆ పది నెలల్లో వరదయ్య ఏడు సీట్ల బండికి రేడియేటర్ పైనుండే రబ్బరు పైపును ఆమే రెండుసార్లు మార్చింది, రెండుసార్లూ అది పగిలింది. మొదటిసారి భాకరాపేట ఘాటులో, బండి నిండా పెళ్ళివాళ్ళుండగా. రెండోసారి తడకు ఇవతల, పట్టపగలు హైవే మీద. అక్కడి నుంచి బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. వరదయ్య దిగీ దిగకముందే ఆ పగిలిన పైపును ఆమె పనిబల్ల మీద పడేశాడు.

"ఏమ్మే నాగవేణీ, ఇది పైపా, నీళ్ళల్లో నానిన అప్పడమా?"

వరదయ్య సామాన్యుడు కాదు. తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గరి టాక్సీ స్టాండులో నలభై బండ్లుంటే నలభై మందికీ ఆయన మాటే వేదం. ఆయన వెనక మునీంద్ర అనే డ్రైవరు కూడా వచ్చాడు. వాడి నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"నేను ముందే చెప్పలేదాన్నా? మగ్గాలు తిప్పుకునే నగరివోళ్ళకు ఇంజన్ల సంగతి యాడ తెలుస్తాది?" అన్నాడు వాడు.

నాగవేణి పుట్టింది నగరిలోనే, పవర్‌లూమ్ చప్పుడులోనే. అందులో సిగ్గుపడాల్సింది ఆమెకేమీ కనపడలేదు.

వరదయ్య మాత్రం తేల్చేశాడు. "ఇంగో పైపు వెయ్యి. ఇదీ పగిలిందంటే మా స్టాండులో ఒక్క బండి కూడా నీ గడప తొక్కదు. ఊరికే బెదిరిస్తా ఉండాననుకోవద్దు."

బెదిరింపు కాదని ఆమెకూ తెలుసు. షెడ్డుకొచ్చే పనిలో ముప్పాతిక వంతు ఆ స్టాండుదే. అది పోతే షట్టరు దించి నగరి బస్సెక్కాల్సిందే. అయినా తన పని ఎలాంటిదో ఆమె చేతులకు తెలుసు.

"ఇంజను చల్లారనీన్నా, వేస్తాను" అంది.

చల్లారాక పని మొదలుపెట్టింది. ఇంజనును చల్లబరిచే కూలెంటు నీళ్ళు మిగిలినవి కిందికి దించింది. రేడియేటర్ మూతికి అంటుకుపోయిన పాత ముక్కను గుంజకుండా, మూతికి గీత పడకుండా నిలువునా కోసి ఒలిచింది. మూతిని సన్నటి ఎమిరీ కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచింది. కొత్త పైపు చివరను కూలెంటుతో తడిపి లోపలి దాకా ఎక్కించి, క్లిప్పును సరిగ్గా మూతి అంచుకు వెనక బిగించింది. కూలెంటు నింపి, గాలి బుడగలు పోయేదాకా మూత తెరిచి ఇంజను నడిపింది. ఒక్క చుక్క కారలేదు. వరదయ్య అంతా చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క మీసం సవరించుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఆ పగిలిన పైపును తీసుకుని కూచుంది నాగవేణి. ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాదామె. ముందు తన పనినే అనుమానించింది. కానీ అదే డబ్బాలోని పైపులు స్టాండువి కాని ఇంకో అయిదు బండ్లకు వేసింది, అవన్నీ రాయిలా ఉన్నాయి. పైపును నిలువునా కోసి చూసింది. లోపలి గోడ నున్నగా, గట్టిగా ఉంది. పైగోడ మాత్రం ఉబ్బిపోయి, జిగటగా, నొక్కితే బొటనవేలికి నల్లగా అంటుకుంది. అంటే జబ్బు లోపలి నీళ్ళది కాదు, బయటి నుంచి వచ్చింది.

ఆ జిగట ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు మగ్గం మోటారు బెల్టు మీద నూనె ఒలికితే వాళ్ళ నాయన మునిరామయ్య ఇల్లు పీకి పందిరి వేసేవాడు. నూనె తాగిన బెల్టు నాలుగు వారాల్లో ఇలాగే ఉబ్బి, మెత్తబడి, జారిపోయేది. వరదయ్య పైపు కూడా నూనె తాగిందన్నమాట. కానీ ఎక్కడిది? ఆ ఇంజనులో ఎక్కడా లీకు లేదని ఆమె ఇందాకే చూసింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాగవేణి ఈశ్వరుడికి వదిలెయ్యలేదు. శుక్రవారం పొద్దున్నే షెడ్డు మూసి, ఆ బండి రోజూ నిలబడే టాక్సీ స్టాండుకు వెళ్ళింది.

శుక్రవారం స్టాండు చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. బండ్లన్నీ తలంటుకున్నట్టు కడిగి, చందనం, కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. వరదయ్య బానెట్ ఎత్తి, ఒక గుడ్డను డబ్బాలో ముంచి లోపల నల్లగా ఉన్న ప్రతి దానికీ పూస్తున్నాడు. పైపులు, బెల్టులు, వైర్లు అన్నీ అభిషేకం చేసిన విగ్రహాల్లా నిగనిగలాడుతున్నాయి. డబ్బాలో ఉన్నది ఇంజన్ ఆయిలు.

నాగవేణికి నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఆ తర్వాత పక్క బండ్ల వైపు చూసేసరికి భయమేసింది. పక్కనున్న గోవిందు అనే డ్రైవరు, వాడి పక్కన మునీంద్ర, ఇలా ఆ వరసలో పదకొండు మంది చేతుల్లోనూ అదే గుడ్డ, అదే డబ్బా. పెద్దాయన చేస్తే అందరూ చేశారు. ఆ బండ్లన్నీ రేపు జనాన్నెక్కించుకుని ఘాటు ఎక్కేవే.

అక్కడే గట్టిగా అరవచ్చు. తన పేరు నిలబడుతుంది, కానీ వరదయ్య తల వంగిపోతుంది. పైగా పూజ జరిగేచోట తప్పన్న మాట ఎత్తితే, వినేవాడు కూడా వినడు. ఆమె ఆయన్ను టీ బంకు దగ్గరికి పిలిచింది.

"అన్నా, నువ్వు పెట్టే కుంకుమకు, వెలిగించే కర్పూరానికి నేను అడ్డం రాను. ఆ నూనె మాత్రం పైపులకు పుయ్యొద్దు. నూనె ఇనుముకు అన్నం, రబ్బరుకు విషం. నీ పైపును పగలగొట్టింది అదే."

వరదయ్య ముఖం జేవురించింది. "నీ పని చెడగొట్టుకొని, నా పూజ మీదికి తోస్తా ఉండావా? బండికి ముప్పై ఏండ్ల నుంచి సేవ చేస్తా ఉండాను నేను!"

"ఆ ముప్పై ఏండ్లల్లో పైపులు ఎన్నిసార్లు మార్చినావన్నా?"

ఆయన చేతిలోని ఆయిలు గుడ్డ వైపు చూసుకున్నాడు.

ఆమె సంచిలోంచి కొత్త పైపు ముక్కలు రెండు తీసి ఇచ్చింది. "నా మాట నమ్మొద్దులే. ఒక ముక్కకు దినామూ నీ ఆయిలు పూసి ఇంజను పక్కన కట్టు. ఇంగోదాన్ని ఊరికే కట్టు. నెల తర్వాత నొక్కి సూడు. అందాకా నేనేసిన పైపును మాత్రం ఆయిలు గుడ్డతో ముట్టుకోవద్దు. మిగతా వాళ్ళనూ ఆపుకో, నీ మాటైతే వింటారు."

ఆయన ముక్కలు జేబులో వేసుకున్నాడు గాని, సరే అనలేదు.

ఆ నెలంతా నాగవేణి ఎప్పటిలాగే పనిచేసింది. వరదయ్య కోపం చూసి స్టాండు నుంచి ఒక్క బండి కూడా రాలేదు. అది కష్టంగానే ఉండింది. అయినా తను చెప్పింది నిజం, నిజానికి గడువు కావాలంతే అనుకుంది. వచ్చిన ప్రతి బండికీ, అడిగినా అడక్కపోయినా, చల్లటి ఇంజను మీద పైపులు నొక్కి చూసి పంపింది.

నెల దాటిన శుక్రవారం కబురొచ్చింది, స్టాండుకు రమ్మని. వెళ్ళేసరికి డ్రైవర్లంతా గుంపుగా నిలబడి ఉన్నారు. మునీంద్ర ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తీర్పు చెప్పడానికే పిలిచారనుకుంది నాగవేణి. చెప్పనీ, తన మాట తనకుంది.

వరదయ్య రెండు ముక్కలు మునీంద్ర చేతిలో పెట్టాడు. "నొక్కరా."

వాడు ఒకటి నొక్కాడు, గట్టిగా ఉంది. రెండోది నొక్కాడు. వేలు దిగబడి నల్లగా తిరిగొచ్చింది. ఆ ముక్కలు చేతులు మారి గుంపంతా తిరిగాయి.

"అందరూ సూసినారు గదా" అన్నాడు వరదయ్య. "సేవ అనుకొని నేనే పైపులను చంపినాను. మీకూ నేర్పించినాను. పెళ్ళిబండి ఘాటులో నిలబడిపోతే ఈయమ్మను తిట్టినాను. తప్పు నాది, పోయింది ఈమె పేరు."

ముప్పై ఏళ్ళలో ఆయన తప్పొప్పుకోవడం ఆ స్టాండు ఎరగదు. పెద్దాయన చేతులు జోడించబోతుంటే నాగవేణి కళ్ళు చెమ్మగిల్లాయి. చప్పున ముందుకు నడిచి ఆ చేతులు పట్టుకుని ఆపింది.

"నా పేరు యాడికీ పోలేదన్నా, ఈడనే ఉండాది" అంది. తర్వాత మునీంద్ర వైపు తిరిగింది. "ఈ పొద్దు ఘాటు ఎక్కే బండి ఎవురిది? నీదేనా? బానెట్ ఎత్తు."

మునీంద్ర ఈసారి ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళి బానెట్ ఎత్తాడు.