మెత్తని గొంతు

"నువ్వు చెప్తే మెత్తగా ఉంటుంది," అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాపుతూ. "ఆ స్నేహితురాల్ని ఇక ఆదివారాలు ఇంటికి తీసుకురావద్దని చెల్లికి నువ్వే చెప్పు. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. నేను చెప్తే గొడవైపోతుంది."

చొక్కా వేడి ఇంకా ఆరలేదంది ఆమె. అలాగే తొడుక్కుని వెళ్ళిపోయాడు. పని అప్పగించాక అక్కడ నిలబడే అలవాటు ఆయనగారికి లేదు.

పెళ్ళికి ముందు అత్తగారు మెచ్చుకున్నదీ ఈ గొంతునే. "ఈ పిల్ల తిట్టినా జోలపాటలా ఉంటుంది," అని చుట్టాలందరికీ చెప్పుకుంది. అప్పుడు పొంగిపోయింది, పిచ్చిది. పుట్టింటి నుంచి తెచ్చిన సామానులా దాన్ని కూడా అందరూ వాడుకుంటారని తెలియక. మామగారితో ఇక బండి నడపొద్దని చెప్పాలంటే ఆమె. అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయమనాలంటే ఆమె. పనిమనిషిని మాన్పించాలన్నా ఆమే. మంచి కబురైతే మాత్రం ఆమెదాకా రాదు, దాన్ని చెప్పడానికి ఇంటిల్లిపాదీ ఎగబడతారు. ఆ పనిమనిషి ఇప్పటికీ వీధిలో అయ్యగారు కనబడితే ఆగి పలకరిస్తుంది, ఆమెని చూస్తే మొహం తిప్పుకుంటుంది.

ఆడపడుచు పెరట్లో బట్టలు పిండుతోంది. ఆఫీసుకు వెళ్ళేలోపు ఇంటెడు బట్టలూ ఉతకడం ఆవిడ వంతు. పెళ్ళి చేసుకోకుండా పుట్టింట్లో ఉన్నందుకు ఎవరూ అడగకుండానే పడిన వంతు అది. ఆమె పక్కన నిలబడి, తువ్వాలు రెండో కొస పట్టుకుని మెలి తిప్పుతూ, ఎప్పటిలాగే చుట్టూ తిప్పి చెప్పింది. కొన్నాళ్ళపాటేనంది. లోకం సంగతి తెలిసిందే కదా అంది.

"అన్నయ్య చెప్పమన్నాడా?"

ఆమె తువ్వాలు కొస ఇంకో మెలిక తిప్పింది.

"చాలా బాగా చెప్పావు వదినా. నొప్పే తెలియలేదు," అని ఆడపడుచు అప్పటికే పిండేసిన తువ్వాలు తీసి మళ్ళీ పిండసాగింది. నీళ్ళేమీ రాలేదు. అయినా పిండుతూనే ఉంది.

ఆ తువ్వాలు కళ్ళముందు ఆడుతుండగానే బస్సెక్కింది, బడికి చేరింది. ఆమె సైన్సు టీచరు. ఉన్న క్లాసులు చాలవన్నట్టు, పిల్లల కష్టసుఖాలు వినే పని కూడా ఆమె నెత్తినే పెట్టారు. "మీది తల్లి మనసు కదా మేడమ్," అన్నారు లెక్కల మాస్టారు, అది తనకు రానందుకు హాయిగా నవ్వుతూ. జీతంలో మార్పు లేదు. గది కూడా లేదు. ఆటసామాను గదిలో గాలి తీసిన బంతుల మధ్య రెండు కుర్చీలు వేశారు.

ఆ గదిలోనే పిచ్చుక ఆమెకి చెప్పుకుంది. బక్కగా ఉంటుందని తోటిపిల్లలు పెట్టిన పేరది, పదో తరగతి పిల్ల. పక్క సెక్షన్ అమ్మాయంటే తనకి ఇష్టమనీ, స్నేహంలాంటి ఇష్టం కాదనీ, తనకేమైనా జబ్బేమోననీ ఏడ్చింది. జబ్బు కాదమ్మా అంది ఆమె. ఆ ముక్క పట్టుకుని ఆ పిల్ల రోజూ బడికి వస్తోంది. ఈలోగా ఎవరో దాని డెస్కు మీద ఇద్దరి పేర్లూ చెక్కారు. బెంచీలో పక్కన కూర్చునేవాళ్ళు జరిగిపోయారు. పిచ్చుక ఇప్పుడు అన్నం కూడా ఆటసామాను గదిలోనే తింటోంది.

మధ్యాహ్నం హెడ్‌మాస్టర్ పిలిపించారు.

"ఆ పిల్ల సంగతి ఇంట్లో చెప్పాలి మేడమ్. రేపు ఏదైనా అయితే బడికి మాట వస్తుంది. వాళ్ళ నాన్నతో మీరు మాట్లాడండి. మీరు చెప్తే మెత్తగా ఉంటుంది."

పొద్దుటి మాటే. చొక్కా మాత్రం వేరు.

"వాళ్ళ అక్క ఎవరితోనో మాట్లాడుతోందని ఆయన కొట్టిన దెబ్బకి ఆ అమ్మాయికి ఇప్పటికీ ఎడమ చెవి వినబడదు సార్. మీకు చెప్పాను."

"అందుకే కదా మెత్తగా చెప్పమంటున్నాను," అని ఆయన నంబరు నొక్కి, ఫోను ఆమె ముందుకు జరిపారు. అవతల మోగుతోంది. ఎంత బాగా చెప్పగలదో ఆమెకి తెలుసు. ఆ తండ్రి "సరేనమ్మా" అని మర్యాదగా ఫోను పెట్టేస్తాడు. ఆ తర్వాత ఇంట్లో తలుపు గడియ పడుతుంది.

అవతల "హలో" వినబడగానే ఆమె ఫోను పెట్టేసింది.

"నేను చెప్పను సార్."

"మేడమ్!"

"మీరు చెప్పండి, మీ గొంతుతో. చెప్పాక ఆ పిల్లకి ఏమైనా అయితే, ఆ కబురు కూడా మీరే అందరికీ చెప్పండి." ఎప్పటిలా మెత్తగానే వచ్చింది గొంతు. పాడు గొంతు, కోపానికి కూడా పనికిరాదు అనుకుంది.

ఆయన ఫోను వైపు చూశారు. ముట్టుకోలేదు. "సోమవారం చూద్దాం," అన్నారు చివరికి. "మీ సంగతి కూడా."

ఆటసామాను గదిలో పిచ్చుక అన్నం డబ్బా మూత తీయకుండా కూర్చుని ఉంది. హెడ్‌మాస్టర్ పిలిపించింది తన గురించేనని దానికి తెలిసిపోయింది.

"మా నాన్నకి చెప్పేశారా మేడమ్?"

"లేదు. సోమవారం చూద్దామన్నారు సార్."

"సోమవారం చెప్తారా?"

అబద్ధం చెప్పలేకపోయింది. "నేను చెప్పను. మిగతావాళ్ళ సంగతి నా చేతిలో లేదమ్మా. ఏం జరిగినా నీ పక్కన ఉంటాను," అంటూండగానే ఆమె ఫోను మోగింది. భర్త.

"చెప్పావా చెల్లికి?"

"చెప్పాను. తప్పు చేశాను. ఆదివారం ఎప్పటిలాగే తీసుకురమ్మని సాయంత్రం మళ్ళీ చెప్తాను. వద్దనాలనుంటే మీ చెల్లెలికి మీరే చెప్పుకోండి."

అవతల ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. ఫోను పెట్టేసింది. ఆడపడుచు క్షమిస్తుందన్న ఆశ లేదు. ఇంట్లో ఈ సాయంత్రం ఎలా ఉంటుందో ఊహించుకోవాలని కూడా లేదు.

పిచ్చుక ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఆదివారం ఎవరొస్తారు మేడమ్?"

ఆడపడుచు స్నేహితురాలు అనబోయింది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో అందరూ అనే మాట అదే. నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మా ఆడపడుచు ప్రేమించిన మనిషి," అంది.