పాలతడి

గ్లోరీకి బస్సులో కిటికీ పక్క సీటు అక్కర్లేదు. బయట కనిపించే చెరకు తోటలు, అల్లం మడులు ఆమె పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే. ఆమెకు కావలసింది మనుషులు. జహీరాబాద్‌లో ఒక బడిలో ఆయాగా పనిచేసి, సాయంత్రం న్యాల్‌కల్ బస్సెక్కి, తన ఊరు వచ్చేదాకా ఎదురుగా ఉన్నవాళ్ళను చూస్తూ కూర్చోవడం ఆమెకు అలవాటు. ఎవరి చెప్పులు కొత్తవి, ఎవరి కళ్ళు ఏడ్చి ఉబ్బాయి, ఏ మొగుడూ పెళ్ళాం పొద్దున కొట్లాడుకొని బయల్దేరారు, అన్నీ గమనించి తనలో తానే ఒక కథ అల్లుకునేది. రోజంతా పిల్లల ముక్కులు తుడిచి, చెప్పులు వెతికి అలసిన మనిషికి అదొక్కటే సరదా. తన ఊహ నిజమో కాదో తెలుసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఎవరి స్టేజీలో వాళ్ళు దిగిపోయేవారు.

ఆ రోజు బస్సు కదిలాక ఒక జంట పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. మగవాడికి పాతికేళ్ళుంటాయి. జుట్టుకు ఎర్రరంగు, చెవికి పోగు, మెడలో రుద్రాక్ష, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఆడపిల్ల అంతకన్నా చిన్నది. తల దువ్వుకోలేదు. వెలిసిపోయిన చీర కొంగు నెత్తి మీదుగా గుండెల దాకా లాక్కుంది. చేతుల్లో మందపాటి కొత్త దుప్పటి, దాని మీద ఎలుగుబంటి బొమ్మలు. దుప్పట్లో పసిబిడ్డ. బడిపిల్ల ఒకతి లేచి ఆమెకు సీటిచ్చింది. ఆమె కూర్చుంది. థాంక్స్ అనలేదు, ఎవరి వైపూ చూడలేదు. అతను మాత్రం ముందు డోరు దగ్గరే నిలబడి, క్షణానికోసారి వెనక్కి తిరిగి ఆ దుప్పటి వైపు చూస్తున్నాడు.

గ్లోరీకి కథ దొరికింది.

పక్కన జగదీశ్ కూర్చున్నాడు. జహీరాబాద్‌లో విత్తనాల దుకాణం అతనిది, ఊరు న్యాల్‌కల్. రోజూ ఇదే బస్సు, రోజూ ఇద్దరికీ పలకరింపు.

"జగదీశ్ తమ్మీ, గా పోరిని చూసినవా?" అంది గొంతు తగ్గించి. "బస్సు గింత ఎగురుతున్నది, పిలగాడు ఒక్కపారన్న మెదుల్తలేడు. ఎత్తుకున్న తీరు చూడు. కన్నతల్లి ఎత్తుకున్నట్టు ఉన్నదా?"

సరదాకే అంది. కానీ జగదీశ్ నిటారుగా కూర్చున్నాడు. వారం రోజులుగా అందరి ఫోన్లలో ఒకటే మాట తిరుగుతోంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు దిగారనీ, మందు పెట్టి నిద్రపుచ్చి బస్సుల్లో తీసుకుపోతున్నారనీ ఎవరిదో ఒక గొంతు అందరి గ్రూపుల్లోకీ వచ్చింది.

"మందు పెట్టిన్రంటవా అక్కా?"

"ఏమో," అంది గ్లోరీ. కాదని అనలేదు.

కండక్టర్ దేవరాజ్ టికెట్లు కొడుతూ వచ్చాడు. "ఆధార్ కార్డమ్మా," అని అడిగితే ఆ పిల్ల తలెత్తలేదు. ముందునుంచి ఎర్రజుట్టతను జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె కార్డు చూపించాడు. "ఎర్రబండ స్టేజి సార్. ఆమెకొకటి, నాకొకటి." చెయ్యి వణుకుతోంది. దేవరాజ్ కార్డు చూసి, టికెట్లు చింపి ముందుకు కదిలాడు. ఆ వణుకు జగదీశ్ చూశాడు.

"తమ్మీ, మీదేవూరు?"

"ఎర్రబండ కాడ అన్నా."

"యాడికెళ్ళి వస్తున్రు?"

"పట్నంకెళ్ళి."

"పిలగానికి ఎన్ని నెలలు?"

అతను జవాబు చెప్పకుండా భార్య ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు. జగదీశ్ లేచాడు. వెనక సీట్లలో కూర్చున్నవాళ్ళు మెడలు చాచారు.

"జర పిలగాని మొఖం చూపియ్యమను."

"పండుకున్నడు. వద్దన్నా."

"మొఖం చూపియ్యనీకి ఏమైతది?"

"వద్దంటున్న గద."

ఆ మాట గట్టిగా వచ్చింది. బస్సులో గుసగుసలు మొదలయ్యాయి. పాలియ్యట్లేదు చూడండి అని ఒకామె అంది. దుప్పటి కొత్తది, చీర పాతది అని ఇంకొకామె. జగదీశ్ ఫోను ఎత్తి వాళ్ళిద్దరి ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకొని, "అరే, మా బస్సు మీ స్టేజీ కాడికి వస్తున్నది. పోరగాళ్ళను తీస్కొని రోడ్డు మీదికి రా. పిల్లల దొంగలున్నరు," అన్నాడు.

గ్లోరీ అతని చేతిలోని ఫోను వైపు చూసింది. కన్నతల్లిలా లేదన్న మాట తన నోట్లోంచి వచ్చి ఎంతోసేపు కాలేదు. అప్పుడే అది రోడ్డు మీద మనుషుల్ని పోగుచేస్తోంది. ఆ మధ్య పక్క జిల్లాలో ఇలాంటి మాటకే ఒక ముసలాయన్ని చెట్టుకు కట్టేసి కొట్టిన వీడియో ఆమె కూడా చూసింది. చూసి పక్కింటామెకు చూపించింది కూడా.

"ఆగు, నేను అడుగుత," అని లేచింది. ఆ పిల్ల పక్కన కూర్చున్న ముసలమ్మను జరగమని, మధ్యలో ఇరికి కూర్చుంది.

దగ్గర్నుంచి చూస్తే ఆ పిల్ల మొహం ఎండిపోయి ఉంది. పెదవులు పగిలాయి. అప్పుడు గ్లోరీకి తెలిసిన వాసన ఒకటి ముక్కుకు తగిలింది. ముగ్గుర్ని కని పెంచిన మనిషి, ఆ వాసన మరిచిపోదు. ఓరగా చూసింది. కొంగు కింద జాకెట్టు రెండువైపులా తడిసి ముద్దయింది. తడి నడుము దాకా దిగింది. పాలు.

కన్నతల్లే. అనుమానం లేదు. మరి ఇన్ని పాలు కారిపోతుంటే బిడ్డ నోటికి ఎందుకు పెట్టడం లేదు?

గ్లోరీ చెయ్యి తనంతట తానే దుప్పటి కిందికి పోయింది. చిన్న పాదం చేతికి తగిలింది. పొద్దంతా ఫిబ్రవరి ఎండకు కాగిన బస్సు రేకులు ఇంకా వేడిగానే ఉన్నాయి. అంత మందపు దుప్పట్లో ఆ పాదం రాయిలా చల్లబడి ఉంది.

ఆ పిల్ల మొదటిసారి తలతిప్పి గ్లోరీని చూసింది. పెదవులు మాత్రం కదిలాయి.

"చెప్పకు అవ్వా. ఇంటికి తీస్కపోవాలె."

గ్లోరీ దుప్పటి కిందనుంచి చెయ్యి తీసింది. నిజం చెబితే బస్సు ఆపుతారు. శవంతో ప్రయాణం ఏ బస్సువాళ్ళూ ఒప్పుకోరు. ఇద్దర్నీ ఈ ఎండలో, లారీల మధ్య దించేస్తారు. చెప్పకపోతే ముందు స్టేజీలో పోరగాళ్ళు కాచుకొని ఉన్నారు.

"ఏమంటున్నది అక్కా?" అని జగదీశ్ అడిగాడు. బస్సంతా ఆమె నోటి వైపే చూస్తోంది.

"జరమొస్తె సూదిచ్చిన్రట. మత్తుల పండుకున్నడు," అంది గ్లోరీ. "వీళ్ళు నాకు ఎరుకైనోళ్ళే. కొంగు కప్పుకుంటె గుర్తుపట్టలే. మా చర్చికి వస్తరు."

చర్చి పేరు చెప్పి అబద్ధమాడటం ఆమెకు అదే మొదలు.

జగదీశ్ అతని మెడ వైపు వేలు చూపించాడు. "చర్చికా? వాని మెడల రుద్రాక్ష ఉన్నది గద."

"పిల్ల తల్లిగారోళ్ళు వస్తరు తమ్మీ. పిల్లను ఇటు ఇచ్చిన్రు." మాట తడబడకుండా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

జగదీశ్ నమ్మాడో లేదో తెలియలేదు. అంతలో బస్సు నెమ్మదించింది. రోడ్డుకు అడ్డంగా బండ్లు పెట్టారు. పది మంది దాకా ఉన్నారు. డ్రైవర్ హారన్ కొట్టినా కదల్లేదు. బస్సు ఆగగానే నలుగురు ముందు డోరులోంచి ఎక్కేశారు.

"ఎవడన్నా?"

ఎవరూ చెప్పకముందే ఒకడు ఎర్రజుట్టతని కాలర్ పట్టుకున్నాడు. చొక్కా గుండీలు తెగి రాలాయి. "నేను దొంగను కానన్నా. బస్వరాజ్ నా పేరు. ఆమె నా భార్య. ఎర్రబండ కాడికి వచ్చి అడుగురి," అంటున్నాడు అతను. ఇంకొకడు దుప్పటి వైపు వంగాడు.

గ్లోరీ ఆ పిల్ల చేతుల కింద తన చేతులు పెట్టింది. "ఇటియ్యి బిడ్డా. నేను పట్టుకుంట." ఆ పిల్ల వదల్లేదు. వేళ్ళు దుప్పట్లో గుచ్చుకొని ఉన్నాయి. "నేను పడెయ్య. ఇటియ్యి," అని మళ్ళీ అంది గ్లోరీ. అప్పుడు ఆ వేళ్ళు వదులయ్యాయి.

గ్లోరీ బిడ్డను భుజాన వేసుకొని లేచి నిలబడింది. ఆ చిన్న మొహం తన మెడలోకి వచ్చేలా దుప్పటి సర్దింది. చల్లని చెంప మెడకు ఆనింది. ఒళ్ళు జలదరించినా దించలేదు. వీపు మీద తడుతూ, ఊగుతూ నిద్రపుచ్చినట్టు చేసింది.

ఆ కుర్రవాడు దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్," అంది గ్లోరీ. "ఎన్ని రాత్రుల సంది నిద్రలేదో పసిగుడ్డుకు. ఇప్పుడే కన్ను మూసిండు."

అన్నాకగానీ తను ఏమందో ఆమెకు తెలియలేదు. ఆ మాటకు వెనకనుంచి వచ్చిన దేవరాజ్ ఆగిపోయాడు. గ్లోరీ మొహం చూశాడు. దుప్పట్లోంచి జారి వేలాడుతున్న చిన్న చేతిని చూశాడు. గోళ్ళ కింద నీలిరంగు. దేవరాజ్ టికెట్ మిషన్‌ను చంకన పెట్టుకున్నాడు. ఆ ఒక్క మనిషి ఇప్పుడు ఏమంటే అదే అవుతుంది.

దేవరాజ్ ముందుకొచ్చి ఆ చిన్న చేతిని నెమ్మదిగా దుప్పట్లోకి పెట్టాడు. తర్వాత కుర్రవాళ్ళ వైపు తిరిగాడు.

"తల్లి కార్డు నేను చూసిన. టికెట్ నేను కొట్టిన. బస్సుల ప్యాసింజర్ మీద చెయ్యేస్తె కేసైతది. కాలర్ ఇడువు."

"జగదీశన్ననే ఫోన్ చేసిండు సార్."

అందరూ జగదీశ్ వైపు చూశారు. అతను గ్లోరీ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"అక్కకు ఎరుకైనోళ్ళట," అన్నాడు చివరికి. "పోన్రి. దిగురి."

వాళ్ళు గొణుక్కుంటూ దిగారు. బండ్లు పక్కకు జరిగాయి. "రైట్," అని దేవరాజ్ అరిచాడు.

గ్లోరీ ఊరి స్టేజీ వచ్చింది. బస్సు ఆగి కదిలింది. ఆమె లేవలేదు, దేవరాజ్ ఎందుకు దిగలేదని అడగలేదు. బిడ్డ ఇంకా ఆమె భుజాన ఉన్నాడు. తల్లి దుప్పటి అంచును పిడికిట్లో పట్టుకొని ఉంది. రోజూ ఎవర్ని చూసినా గ్లోరీ బుర్రలో ప్రశ్నలు పుట్టేవి. ఇప్పుడు పక్కన ఇంత దుఃఖం కూర్చొని ఉంటే, ఏం జబ్బు, ఎవరు ఆలస్యం చేశారు, ఏదీ అడగబుద్ధి కాలేదు. ఆ పిల్ల మోకాలికి తన మోకాలు ఆనించి కూర్చుంది.

ఎర్రబండ దగ్గర వాళ్ళ ఇంటివాళ్ళు నలుగురైదుగురు రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. గ్లోరీ బిడ్డతోనే దిగింది. ఒక ముసలామె ఎదురొచ్చి చేతులు చాచింది. దుప్పటి చేతిలోకి రాగానే దాన్ని పక్కకు తొలగించి చూసింది. ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపుకు బస్సు కిటికీల్లో ఉన్న మొహాలన్నీ ఒక్కసారిగా తెల్లబోయాయి. పాలియ్యట్లేదన్న ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బస్వరాజ్ దేవరాజ్ దగ్గరికి వచ్చాడు. గుండీల్లేని చొక్కాను ఒక చేత్తో దగ్గరికి పట్టుకున్నాడు. "పట్నంల బండ్లోళ్ళను అడిగినం సార్. ఇంత దూరం ఎవలు రామన్నరు. చెప్తె మీరు ఎక్కించుకోరని చెప్పలే. మాఫ్ చెయ్యిన్రి."

"నువ్వెందుకయ్యా మాఫ్ అడుగుడు," అన్నాడు దేవరాజ్. బస్సెక్కి విజిల్ వేశాడు.

గ్లోరీ ముసలామెను పక్కకు పిలిచింది. "అమ్మా, తల్లికి పాలు ఆగుతలేవు. రాత్రికి గడ్డకట్టి జరం వస్తది. చల్లటి గుడ్డ పెట్టురి. నొప్పి తగ్గకుంటె దవాఖానకు తీస్కపోన్రి. ఒక్కదాన్నే ఇడువకురి." ముసలామె ఏడుస్తూనే తల ఊపింది. కోడలి భుజం చుట్టూ చెయ్యి వేసి, "రా నందినీ," అని మట్టిబాట వైపు నడిపించింది. ఆ పిల్ల పేరు అప్పుడు తెలిసింది గ్లోరీకి.

బస్సు వెళ్ళిపోయింది. రోడ్డు పక్కన ఇంకొక మనిషి మిగిలాడు. జగదీశ్ తన ఊరు రాకుండానే దిగిపోయాడు. చేతిలో ఫోను ఉంది. అది ఆగకుండా మోగుతోంది. అతను తీసిన ఫోటో కింద ఎవరెవరో అడుగుతున్నారు: దొరికారా, కొట్టారా, ఏ బస్సు.

"నువ్వే గద అక్కా అన్నవ్," అన్నాడు. కోపంగా కాదు. నీళ్ళు నములుతూ అన్నాడు. "కన్నతల్లి లెక్క లేదని."

"అన్న. నేనే అన్న."

"నేను ఫోటో పెట్టిన. ఇప్పుడు ఎన్ని గ్రూపులల్ల తిరుగుతున్నదో."

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ గొంతుతోనే చెప్పు."

అతను ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. రెండు మాటలు మాట్లాడి ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టి, తుడిపేశాడు. మట్టిబాట మీద వాళ్ళు చిన్నగా కనిపిస్తున్నారు. ముసలామె ఏడుపు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"వాళ్ళు దొంగలు కారని చెప్పు," అంది గ్లోరీ. "అమ్మ అయ్య, సచ్చిపోయిన బిడ్డను ఇంటికి తీస్కపోతున్నరని చెప్పు. ముందుగాల ఆ మాట అన్నది గ్లోరక్క అని గూడ చెప్పు. నా పేరు ఇడువకు."

జగదీశ్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తల దించుకొని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆపకుండా చివరిదాకా మాట్లాడాడు. ఆమె పేరుకన్నా ముందు తన పేరే చెప్పాడు.