గొంగడి కింద మూడో లైటు

నడినెత్తిన ఎండ మండిపోతుండగా లైటు కొనడానికి బయల్దేరడం ఎంత తిక్క పనో వీరేందర్‌కు తెలియకపోలేదు. అయినా టాక్సీ తీసి, అమ్మమ్మ దుర్గవ్వను ముందు సీట్లో, మరదలు శిరీషను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, సాతంరాయి నుంచి శంషాబాద్ అంగడిదాకా ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆవేళ శిరీష ఎండ కొందాం పదమన్నా అతను అంతే హుషారుగా వచ్చేవాడు.

శిరీషకు ఎయిర్‌పోర్ట్‌లో కొత్తగా ఉద్యోగం దొరికింది. ప్రయాణికులు దిగిపోయాక విమానంలోకి ఎక్కి, సీట్ల కింద, సీట్ల సందుల్లో శుభ్రం చేసే పని. సోమవారం చేరాలి. సెల్‌ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు. సీట్ల కింద చూస్తే కాటుక చీకటి. అందుకని తాళంచెవులకు తగిలించుకునే చిన్న లైటు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలని పై మేడం చెప్పింది. మొదటి జీతం ఇంకా చేతికి రాలేదు కాబట్టి లైటు అగ్గువకు రావాలి. రోజూ జేబులో ఉండాల్సింది కాబట్టి గట్టిగా ఉండాలి. శిరీష ఈ రెండు మాటలూ దారి పొడుగునా అంటూనే ఉంది.

వీరేందర్‌కు కావలసింది మాత్రం వేరే. ఆదివారం జల్‌పల్లి నుంచి శిరీషను చూడటానికి వస్తున్నారు. పిల్లవాడు కాటేదాన్‌లో ఏదో రేకుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరట, కొత్త మోటారు సైకిలట, పొడుగరట. వీరేందర్‌కు శిరీష అంటే ప్రాణం. స్వయానా మేనమామ కూతురు. అడిగితే కాదనేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. వచ్చిన చిక్కల్లా అడగడంలోనే ఉంది. దుర్గవ్వ ముందే తేల్చి చెప్పేసింది, పెద్దోళ్ళు ముడిపెడితే తర్వాత పిల్లలు పెద్దోళ్ళనే తిడతారని, ఇష్టముంటే వాళ్ళే నోరు తెరవాలని.

ఆ నోరే తెరుచుకోవడం లేదు. అదే నోరు ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కిన ప్రయాణికుడి చెవి సికింద్రాబాద్‌లో దింపేదాకా వదిలిపెట్టదు. శిరీష ఎదుట మాత్రం నాలుక మడతపడిపోతుంది. రెండేళ్ళుగా ఆ మాట చెప్పబోయిన ప్రతిసారీ అతని నోట్లోంచి "టీ తాగుతవా" అన్నదే బయటికి వచ్చేది. పాపం, ఆ పిల్ల అతని పుణ్యమా అని బోలెడంత టీ తాగింది.

అంగట్లో దుర్గవ్వ ముందుగా తన బేరం తాను చేసుకుంది. చలికాలానికి నల్లటి కొత్త గొంగడి ఒకటి కొని, ఆ ఎండలోనే భుజాన వేసుకుంది. అక్కణ్ణుంచి ముగ్గురూ యాదయ్య దగ్గరికి వచ్చారు. యాదయ్య నేల మీద నీలం పట్టా పరిచి దువ్వెనలు, పిన్నీసులు, తాళంకప్పలు అమ్ముతాడు. కీచైన్ లైట్లు అనగానే సంచిలోంచి గుప్పిట నిండా తీసి పట్టా మీద పోశాడు.

శిరీష ఒకదాన్ని నొక్కింది. ఇంకోదాన్ని నొక్కింది. ఆ ఎండలో ఏది వెలుగుతోందో ఏది వెలగడం లేదో దేవుడికే తెలియాలి. చేతిని దొప్పలా చేసి చూసింది. కొంగు అడ్డం పెట్టి చూసింది. వీరేందర్ తన నీడ దానిమీద పడేలా వంగి నిలబడ్డాడు. అదేమంత పెద్ద నీడ కాదు.

"ఎండలో చూసి లైటు కొనకూడదమ్మా," అన్నారెవరో వెనకనుంచి.

ఆయన పేరు శివరామకృష్ణ. కోస్తా నుంచి వచ్చి పక్క కాలనీలో స్థిరపడిన బ్యాంకు ఉద్యోగి. కూరగాయల సంచీతో వచ్చిన మనిషి, లైట్లు కనబడగానే కూరగాయలు మరిచిపోయారు. కొందరికి కోడిపందేలు, కొందరికి పేకాట, ఆయనకు చిన్న లైట్లు. "నొక్కి పట్టుకుంటేనే వెలుగుతుందా, ఒకసారి నొక్కి వదిలేస్తే వెలుగుతూ ఉంటుందా చూసుకోవాలండీ. వాచీల్లో వేసే సెల్లు పడుతుందో లేదో కనుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం, చీకట్లో చూడాలి," అన్నారు, పెళ్ళికూతురి తండ్రికి జాగ్రత్తలు చెబుతున్నట్టు.

"ఈ పట్టపగలు చీకటేడ దొరుకుతది సారూ," అన్నాడు యాదయ్య.

"చీకటే గద గావాల్సింది," అంది దుర్గవ్వ. భుజం మీది గొంగడి దులిపింది. "ఇదున్నది. కప్పుకోని చూడుండ్రి. ఒక్కరు దాచాలె, ఒక్కరు దేవులాడాలె. విమానంల చెవికమ్మ పడిపోయింది అనుకోండ్రి." పక్కనున్న చింతపండు కుప్పలోంచి ఒక గింజ ఏరి వీరేందర్ చేతిలో పెట్టింది. ఇద్దర్నీ పట్టా పక్కన గొంతుకూర్చోబెట్టి, వాళ్ళ తలల మీదినుంచి గొంగడి కప్పేసింది.  ఈ ముసల్ది దేవత అనుకున్నాడు వీరేందర్.

మొదటి లైటు వెలిగింది. నీలం రంగు వెలుగు. గింజను మోకాలి కింద దాచి తల ఎత్తేసరికి శిరీష అతని మొహంలోకే చూస్తోంది.

"ఏంది బావా, మూడు దినాలు బాయిల నానినోని లెక్కున్నవ్," అంది.

అయినా సరే, ఇదే సమయం అనుకున్నాడు వీరేందర్. గొంతు సవరించుకున్నాడు. "శిరీషా."

"ఊ."

"టీ తాగుతవా?"

"గొంగట్లనా?"

బయటికి వచ్చి, ఈ లైటు పనికిరాదని తేల్చారు. ఇద్దరు కూర్చుంటే గొంగడి గుడారంలా లేచి ఉంటుంది కదా, అంగట్లో పదిమంది అప్పటికే మూగారు. లోపల గారడీ జరుగుతోందనుకుని ఒకాయన పల్లీల పొట్లం కొనుక్కుని మరీ నిలబడ్డాడు.

రెండో లైటు మంచి తెలుపు. కాని బొటనవేలితో నొక్కి పట్టుకుంటేనే వెలుగుతుంది, వేలు తీస్తే ఆరిపోతుంది. "ఒక చెయ్యి దీనికే పాయె. ఇగ ఊడ్చుడు ఎట్ల?" అంది శిరీష. ఈసారి వీరేందర్ గట్టిగా నిశ్చయించుకున్నాడు. టీ ఊసెత్తకూడదు. నేరుగా విషయానికి రావాలి. ఊపిరి లోపలికి తీసుకున్నాడు. ఆ ఊపిరితోపాటు కొత్త గొంగడి నూగు అంతా ముక్కులోకి పోయింది. గొంగడి ఎగిరిపడేలా తుమ్మాడు.

"చిరంజీవ," అంది బయట అంగడి అంగడంతా ఒక్క గొంతుతో.

శిరీష నవ్వీ నవ్వీ చింతగింజను వెతకడం మానేసింది. వీరేందర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఒక లైటు పోయింది, రెండో లైటూ పోయింది. ఇంకొకటి చూసి ఏదో ఒకటి కొనేస్తారు. మళ్ళీ సాతంరాయి, మళ్ళీ ఇల్లు, ఆ తర్వాత ఆదివారం, మోటారు సైకిలు, పొడుగు పిల్లవాడు.

మూడో లైటును యాదయ్య సంచి అడుగునుంచి కొత్తగా, పొట్లం విప్పి తీశాడు. శిరీష చేతిలో పెట్టి ఏదో చెప్పాడు. సరిగ్గా అప్పుడే నెత్తిమీదినుంచి విమానం ఒకటి దిగుతూ పోయింది. ఆ మోతలో వీరేందర్‌కు యాదయ్య పెదాలు కదలడమే తప్ప ఒక్క ముక్క వినబడలేదు. శిరీష తల ఊపింది. దుర్గవ్వ మళ్ళీ గొంగడి కప్పింది.

ఈసారి లోపల ఏమీ వెలగలేదు.

"ఏమైంది?" అన్నాడు.

"జర ఆగు బావా."

ఆగాడు. గొంగడి లోపల చీకటంటే మామూలు చీకటి కాదు. తన చెయ్యి తనకే కనబడలేదు. శిరీష కళ్ళు లేవు, ఆ కళ్ళలో ఎప్పుడూ ఉండే వెక్కిరింపు లేదు. గాజుల చప్పుడొకటి, ఉన్ని వాసనొకటి, అంతే. వీరేందర్ నాలుక రెండేళ్ళ మడత విప్పుకుంది.

"శిరీషా, ఆదివారం వాళ్ళను రావద్దను. నిన్ను వేరేటోడొచ్చి చూస్తుంటె నేను చూడలేను. నన్ను చేసుకో. నువ్వంటె నాకు పానం. కారు నాది కాదు, కిరాయిదే, గని నడిపేది నేనే గద. రేపో మాపో కొంట. పొడుగంటవా, గది నా చేతుల లేదు."

చీకట్లో చిన్నగా నవ్వు వినబడింది. "ఇంకా?" అంది ఆమె.

"ఇంకేందంటె," అన్నాడు వీరేందర్, ఇక దాచడానికేమీ మిగలని మనిషిలా, "నేను అసలు టీ తాగ. నాకు పడదు. రెండేండ్ల సంది నీ కోసమే తాగుతున్న."

అతని చేతిలోని చింతగింజను వెతుక్కుంటూ వచ్చి ఆమె వేళ్ళు అతని అరచేతిలో ఆగాయి. ఆమె ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే దుర్గవ్వ గొంగడి ఎత్తేసింది.

ఎండ భళ్ళున మీద పడింది. చుట్టూ మూగిన జనం పది కాదు, ముప్పై అయ్యారు.

"ఎట్లున్నది?" అంది దుర్గవ్వ.

"ఇదే మంచిగున్నది," అంది శిరీష వెంటనే. అరచెయ్యి తెరిచి చింతగింజ చూపించింది.

శివరామకృష్ణగారు ముందుకు వంగారు. "కళ్ళకు గుచ్చుకుందా బాబూ?"

"అసలే గుచ్చుకోలే సార్," అన్నాడు వీరేందర్. అతని కాళ్ళు నేల మీద లేవు.

"వెలుగు ఎలా ఉందంటారు?"

"ఏం చెప్పాలె సార్. పానం సల్లబడ్డది."

"స్విచ్చి నొక్కి పట్టుకోవాలా?"

"ఒత్తే పనే లేదు సార్."

జనానికి ఇంకేం కావాలి. నాకొకటంటే నాకొకటన్నారు. యాదయ్య సంచిలో చెయ్యి పెట్టాడు. శివరామకృష్ణగారు మాత్రం పరీక్షలో నెగ్గిన ఆ లైటే కావాలని శిరీష చేతిలోంచి తీసుకున్నారు. దోసిట్లో పెట్టుకుని నొక్కారు. మళ్ళీ నొక్కారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కంటికి ఆనించుకుని మరీ నొక్కారు.

"ఇదేమిటండీ, వెలగడం లేదు," అన్నారు.

యాదయ్య అందుకుని తిప్పి చూశాడు. "ఎట్ల వెలుగుతది సార్. కొత్త మాల్ గద, సెల్లుకు అడ్డం ప్లాస్టిక్ పట్టీ ఉంటది. గుంజితెనే వెలుగుతది. ఇగో, పట్టీ ఎక్కడిదక్కడనే ఉన్నది."

"మరి ఇంతసేపూ లోపల వీళ్ళు ఏం చూశారండీ?" అన్నారు శివరామకృష్ణగారు. ఆయన మనసులో ఏ వెటకారమూ లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగారు.

పల్లీలు తింటున్నాయన నమలడం ఆపాడు. తర్వాత ఎవరు ముందు నవ్వారో కానీ, ఆ నవ్వు నీలం పట్టా దగ్గర మొదలై కూరగాయల వరస దాటి మటన్ దుకాణాల దాకా పోయింది. వీరేందర్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది. శంషాబాద్‌లో ఇక కారు నడిపినట్టే అనుకున్నాడు.

యాదయ్యకు మాత్రం తన సరుకు పరువు ముఖ్యం. "నా మాల్‌ల తప్పు లేదు," అన్నాడు అందరికీ వినబడేలా. "పట్టీ గుంజి ఒత్తుమని ఈ చెల్లెకు ఒకటికి రెండుసార్లు చెప్పిన. అడుగుండ్రి."

అందరి తలలూ శిరీష వైపు తిరిగాయి. వీరేందర్ తల అన్నిటికంటే ముందు తిరిగింది.

"చెప్పిండు," అంది శిరీష.

"మరెందుకు గుంజలే?" అంది దుర్గవ్వ.

శిరీష మొహం ఎర్రబడింది. అయినా తల దించలేదు. "వెలుగుంటె బావకు నోరు లేవదు నాయనమ్మా. అందుకే గుంజలే," అంది.

వీరేందర్‌కు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.  అంటే ఈ పిల్ల చేతిలో లైటు ఉండి కూడా చీకట్లోనే కూర్చుంది. తన మాట కోసమే కూర్చుంది. రెండేళ్ళుగా తానొక్కడే ఎదురుచూస్తున్నాననుకున్నాడు వెర్రివాడు. సంతోషంతో యాదయ్యను వాటేసుకోవాలనిపించింది, పల్లీలాయనను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

దుర్గవ్వ మనవరాలిని కిందినుంచి మీదికి చూసింది. "అయితె లేచిందా నోరు?"

"లేచింది."

"ఏమన్నడు?"

"ఆదివారం జల్‌పల్లోళ్ళను రావద్దనుమన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేనేమనలే. అనబోతుంటెనే నువ్వు గొంగడి ఎత్తితివి," అంది శిరీష నిష్ఠూరంగా.

దుర్గవ్వ నొచ్చుకుంది. పెద్ద మనిషై ఉండి ఇంత తొందరపాటు చేశానా అన్నట్టు ఒక్క క్షణం గొంగడి వైపు చూసింది. మరుక్షణం ఇద్దరి భుజాలూ పట్టి నొక్కి కూర్చోబెట్టి, మళ్ళీ గొంగడి కప్పేసింది. "అయితె ఇప్పుడను," అంది పైనుంచి.

"లైటు కావాలా చెల్లే?" అన్నాడు యాదయ్య.

"వద్దు," అన్నాయి గొంగడి లోపలినుంచి రెండు గొంతులు.

లోపల మళ్ళీ అదే చీకటి. వీరేందర్ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. బయట ముప్పై మంది అంతకంటే గట్టిగా బిగబట్టారు.

"బావా," అంది శిరీష అతని చెవి దగ్గర. "ఫోను నువ్వు చేస్తవా, నేను చెయ్యాల్నా?"

"ఎవ్వలకు?"

"జల్‌పల్లోళ్ళకు. రావద్దని చెప్పాలె గద."

వీరేందర్‌కు మాట రాలేదు. ఈసారి రాకపోయినా ఫరవాలేదు. ఆమె చెయ్యి దొరికింది, పట్టుకున్నాడు.

గొంగడికి అటువైపు, చెవి ఆనించుకునే ఉందేమో, దుర్గవ్వ గొంతు వినబడింది. "మీరెవ్వలు చెయ్యకుండ్రి. రమ్మన్నది నేను, వద్దనేది గూడ నేనే. జర సప్పుడు చెయ్యకుండ్రి, మోగుతున్నది." అంగడి గప్‌చుప్ అయింది. తర్వాత ఆమె తన ఫోనులో గట్టిగా మాట్లాడసాగింది, జల్‌పల్లికి ఫోను లేకుండానే వినబడేంత గట్టిగా.

"అయ్యా, నేను సాతంరాయి దుర్గవ్వను. ఆదివారం రాకుండ్రి, మా పిల్లకు సంబంధం కుదిరింది. ఎప్పుడు కుదిరిందంటరా? గిప్పుడే, గొంగట్ల."