అయిదో ఏడు

ఆ కార్యాలయంలో కంప్యూటర్ల భద్రతను కనిపెట్టి చూసే గదికి కిటికీలు లేవు. గోడ పొడవునా తెరలు, తెరల మీద ఎడతెగని అక్షరపంక్తులు. వాటిలో వంకరగా నడిచినదానిని ఇట్టే పట్టుకుంటుంది గనుక అక్కడ పనిచేసే ఆమెను సహోద్యోగులు ‘చీమ’ అనేవారు. పంచదార ఎక్కడ ఒలికినా చీమకు కబురు అందుతుందట.

ఆ గదిలో నాయకత్వపు కుర్చీ ఖాళీ అయి నెల కావస్తున్నది. సంస్థ ఏటా ఒక్కొక్కరిచేత ఒక సర్టిఫికెట్టు పరీక్ష రాయిస్తుంది. ఏది రాస్తారో శుక్రవారం సాయంత్రంలోగా తెలపాలి. భద్రతా నిర్వహణ పరీక్ష ఎన్నుకుని నెగ్గినవారికే కుర్చీ అని అధికారి ముందే చెప్పాడు. ఘటన విచారణ అని మరొక పరీక్ష ఉన్నది. దొంగ పడిన ఇంట్లో అడుగుజాడలు వెదికే విద్య వంటిది. దాని మీద ఆమెకు మక్కువ. కుర్చీ మీద ఆశ. మక్కువ మెత్తగా అడుగుతుంది, ఆశ గట్టిగా అడుగుతుంది.

అయితే నిర్వహణ పరీక్షకు ఒక చిక్కు. అయిదేళ్ల భద్రతానుభవం ఉన్నదని, ఇదివరకే ఆ పట్టా పొందినవారొకరు సంతకం చేసి సాక్ష్యం చెప్పాలి. ఆమెకు ఈ గదిలో నాలుగేళ్లే నిండాయి.

బావగారికి అదొక అడ్డుగానే తోచలేదు. భర్తకు అన్నగారైన ఆయన ఇదే వృత్తిలో తలపండినవాడు. పొందిన పట్టాలు తొమ్మిది. తొమ్మిదింటికీ పటాలు కట్టించి ముందుగదిలో వేలాడదీశాడు. గురువారం భోజనాల దగ్గర మాట కదిలింది.

“హెల్ప్‌డెస్క్‌లో రెండేళ్లు చేశావు కదమ్మా. అందులోంచి ఓ ఏడాది ఇటు కలుపు. పాస్‌వర్డ్ మర్చిపోయానని ఫోన్ చేసినవాడు అసలువాడేనా కాదా అని తేల్చుకునే కదా కొత్తది ఇచ్చేదానివి. గుమ్మం దగ్గర కూర్చున్నవాడు కాపలావాడు కాదా ఏంటి? నేను సంతకం పెడతాను.”

“అబద్ధం కాదంటారా బావగారూ?”

“ఆ ఏడాదిలో నువ్వు కాపాడిందేంటో ఒక ఉదాహరణతో రాయమంటారు. రాయగలిగితే నిజమే.”

అత్తగారు మంచినీళ్ల గ్లాసు పెడుతూ పెద్దకొడుకు వైపు చూసింది. “గోడ నిండా పటాలే వీడికి. మొన్న తన ఫోన్ తాళం తనే మర్చిపోయి పూటంతా నా మొహం చూస్తూ కూర్చున్నాడు.”

“దానికీ దీనికీ ఏంటమ్మా సంబంధం?”

“ఏమీ లేదురా. తిను.”

కోడలు నవ్వింది గాని మనసు కుదుటపడలేదు. అబద్ధం ఒంటరిగా నడవలేదు; నిజం భుజం మీద చెయ్యి వేసుకుని వస్తుంది. బావగారి మాటలో ఎవరి భుజం మీద ఎవరి చెయ్యి ఉన్నదో ఆమెకు తేలలేదు.

మరునాడు మధ్యాహ్నం, ఆ ఉదాహరణ కోసం తన పాత హెల్ప్‌డెస్క్ నమోదులు తెరిచింది. అక్కడి నియమానికి మూడు మెట్లు. ఉద్యోగి సంఖ్య అడగాలి. పై అధికారి పేరు అడగాలి. ఆపైన ఫోన్ పెట్టేసి, రికార్డులో ఉన్న నంబరుకు తామే తిరిగి ఫోన్ చేయాలి. అప్పుడే కొత్త పాస్‌వర్డ్. ప్రతి మెట్టుకూ ఒక గడి, గడిలో టిక్కు. కాని ఊపిరి సలపని పనిలో ఒక అలవాటు పాతుకుపోయింది. గడులను అప్పటికప్పుడు నింపక, దిగిపోయే వేళ రోజంతటి ఫోన్లకూ ఒక్క ఊపున టిక్కులు పెట్టేసేవారు.

ఒక నమోదు దగ్గర ఆమె వేలు ఆగింది. గోదాము గుమాస్తాది.

ఆ కథ ఆఫీసంతా ఎరిగినదే. అతని ఖాతాలో ఎవరో చొరబడి ఉద్యోగులందరి వివరాలూ తోడుకుపోయారు. మూడు గడుల్లోనూ టిక్కులు ఉన్నాయి గనుక హెల్ప్‌డెస్క్ దోషం లేదనీ, గుమాస్తాయే పాస్‌వర్డును ఎవరికో చెప్పి ఉంటాడనీ విచారణలో తేల్చారు. అతనికి మందలింపు పత్రం అందింది. రావలసిన పదోన్నతి ఆగిపోయింది. గోదాము గుమాస్తానని చెప్పి, లారీ గేటు దగ్గర నిలిచిపోయింది, వెంటనే కొత్త పాస్‌వర్డు కావాలని ఆనాడు ఫోన్‌లో ఏడ్చిన గొంతు ఆమెకు ఇంకా గుర్తు. తిరిగి ఫోన్ చేశానా? చేసే ఉంటాను అనుకుని నాలుగేళ్లు గడిపింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, క్యాంటీన్‌లో గోదాము ఊసు వచ్చినప్పుడల్లా ప్లేటు పట్టుకుని లేచిపోయేది.

అనుకున్నదానిని వదిలి రాసి ఉన్నదానిని చూడడం ఈ గది ఆమెకు నేర్పిన విద్య. ఘటన ఫైలు తెరిచింది. ఆనాడు హెల్ప్‌డెస్క్ నుంచి బయటికి వెళ్లిన ఫోన్ల జాబితా అందులోనే జతపరచి ఉన్నది. టిక్కులు సరిపోయాక దానిని ఎవరూ చదివినట్టు లేదు. ఆ ఫోను వచ్చినది పదీ ఇరవైకి. కొత్త పాస్‌వర్డు ఇచ్చినది పదీ ఇరవై ఆరుకు. నడుమ బయటికి వెళ్లిన ఫోను ఒక్కటీ లేదు. గోదాముకు ఆ రోజంతా లేదు.

బావగారు కలుపుకొమ్మన్న ఏడాది ఇదే. కాపాడినదేమిటో ఫారంలో రాయవలసిన చోటు ఎదురుగా తెల్లగా ఉన్నది. వేరే ఉదాహరణలు నలభై చూపగలదు, అన్నీ నిజాలే. కాని లోపల కూర్చున్న సాక్షికి ఆ నలభైతో పని లేదు. ఆమె ఫారం మడిచి, జాబితా తీసుకుని అధికారి గదికి వెళ్లింది.

ఆయన రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

“నాలుగేళ్లయింది. ఎవరూ అడగలేదు కదమ్మా.”

“గడులు నిండుగా కనిపిస్తుంటే ఎందుకు అడుగుతారండి?”

“ఇది తెరిస్తే నీకు మందలింపు తప్పదు. ఉద్యోగం దాకా రాకుండా చూస్తాను. కుర్చీ మాత్రం ఇక రాదు. నేను ఇద్దామన్నా పైవాళ్లు ఒప్పుకోరు.”

“తెలుసండి.”

“మరి పరీక్ష ఏం రాయమంటావు?”

“ఘటన విచారణ.”

“దాంట్లో గట్టెక్కేవాళ్లు తక్కువ.”

“నిన్నటిదాకా అదంటే ముచ్చటండి. ఇవాళ అలా లేదు. ఆ రోజు విచారించినవాళ్లు ఈ ఒక్క కాగితం చదివి ఉంటే…” ఆయన కలం తీసి ఆమె చెప్పినదే రాసుకున్నాడు.

ఆమె మెట్లు దిగి గోదాముకు వెళ్లింది. గుమాస్తా అట్టపెట్టెలకు చీటీలు అంటిస్తున్నాడు. నిలబడే అంతా చెప్పింది.

“మా ఆవిడ కూడా అడిగేది. ఎవరికీ చెప్పలేదా, బాగా గుర్తు చేసుకో అని. అడగ్గా అడగ్గా నేనే ఎవరికో చెప్పానేమో అనిపించింది మేడమ్. ఒక్కో స్నేహితుణ్ణీ అనుమానించాను. ఇద్దరితో మాటలే లేవు ఇప్పుడు.”

“మీరు ఎవరికీ చెప్పలేదండి.”

“ఇంకోసారి అనండి.”

“మీరు చెప్పలేదు. తప్పు నాది.”

అతడు చేతిలోని చీటీ అంటించాడు. వంకర పోయింది, ఊడదీసి మళ్లీ అంటించాడు.

“మీ మీద కోపం రావాలి నాకు. ఇంటికెళ్లాక వస్తుందేమో. ఈ మాట కాగితం మీద ఇస్తారా?”

“ఆఫీసువాళ్ల ఉత్తరం సోమవారం వస్తుంది. నాది ఇప్పుడే రాసిస్తాను.”

అతడు పెట్టెలను పక్కకు జరిపి, ఆమె రాయడానికి బల్ల మీద చోటు చేశాడు.