రెండోసారి ఉతికిన బట్టలు

తప్పిపోయిన ఎద్దును వెతకడానికి నీలి సరస్సు దాటి పైకి వెళ్ళిన నిసెఫొరో మీద మంచుచరియ విరిగిపడింది. జాతీయ పార్కు గార్డులు తవ్వి తవ్వి, అతని టోపీనీ కంబళినీ తెచ్చి తల్లి దొమితీలా చేతిలో పెట్టారు. మనిషి మాత్రం దొరకలేదు. ఆ కొండలు పార్కు కాకముందు నుంచీ వాళ్ళ మందలు ఆ లోయలోనే మేస్తున్నాయి. ఆ మంచుకొండ దేవుడు కొండతాత అప్పుడప్పుడూ ఇలా ఒకరిని ఉంచేసుకుంటాడని అందరికీ తెలుసు.

ఐదో రోజున పోయినవాడి బట్టలు ఏట్లో ఉతకాలి. ఉతికాక ఇక ఎవరూ వెతకరు.

"ఇంకో రెండ్రోజులు ఆగుదాం అత్తా," అంటూ కోడలు ఎవులాలియా కాళ్ళావేళ్ళా పడింది. "శవాన్ని చూడకుండా బట్టలెలా ఉతుకుతాం?"

"మంచు కింద ఇన్నాళ్ళు ఎవడు బతికాడే? రేపు పిల్లకేమైనా అయితే నువ్వు అడ్డం పడతావా?"

కొడుకు మీద ప్రేమ లేక కాదు. బట్టలు ఉతకని ఇంటికి చచ్చినవాడు తిరిగొచ్చి పసివాళ్ళను వెంట తీసుకుపోతాడని ఆమె భయం. మనవరాలు ఇంకా పాలు తాగే పిల్ల.

ఏటి గట్టున చెరుకు సారా చేతులు మారింది. ఆ పూట ఏడవకూడదు, నవ్వాలి. ఉతికే వంతు మేనమామ మెలితోన్‌ది.

"ఏమక్కా, ఈ చొక్కాకి పెళ్ళినాటి మరకలు ఇంకా వదల్లేదే! నీ కొడుకు సబ్బు దగ్గర కూడా పిసినారేనా?"

అందరూ పగలబడి నవ్వారు. దొమితీలా కూడా నవ్వింది.

తడిబట్టలను గొర్రెల దొడ్డి గోడ మీద ఆరేశారు. గడప ముందు బూడిద చల్లి తలుపు బిగించుకున్నారు. పోయినవాడు చివరిసారి వచ్చి వెళితే అందులో గుర్తు పడుతుంది. తెల్లారేదాకా బయట ఎవరు పిలిచినా పలకకూడదు. పిలిచేది మనిషి కాదు.

పొద్దు వాలుతుండగా పొగమంచు దిగింది. అందులోంచి పిలుపు వినిపించింది.

"అమ్మా! తలుపు తియ్యవే."

ఎవులాలియా ఒక్క ఉదుటున లేచింది. దొమితీలా ఆమెను వెనక్కి లాగి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

"అది ఆయన గొంతే అత్తా!"

"వాడి గొంతుతో కాక నీ బాబు గొంతుతో పిలుస్తుందా? నోర్మూసుకుని పిల్లని గట్టిగా పట్టుకో."

"అమ్మా, నా బట్టలు ఉతికేశారా?" గొంతు ఇప్పుడు తలుపు అవతలే ఉంది. "నేను చావలేదే. కాలు విరిగింది. పాక్కుంటూ వచ్చాను. చలేస్తోందే."

చచ్చినవాళ్ళూ అచ్చం ఇలాగే బతిమాలతారని దొమితీలాకు వాళ్ళమ్మ చెప్పింది. ఆమె పాదిరీ నేర్పిన స్పానిష్ ప్రార్థన మొదలుపెట్టి, సగంలో మరిచిపోయి, తమ క్వెచువా భాషలో కొండతాతను వేడుకుంది. తలుపు మాత్రం వదల్లేదు.

తర్వాత మెల్లగా, "సర్లే అమ్మా. నీ చోట నేనున్నా తియ్యను," అని వినిపించింది.

తెల్లారాక తలుపు తీశారు. బూడిదలో రెండు అరచేతుల గుర్తులున్నాయి, ఒక కాలు ఈడ్చిన చార ఉంది. చార పొడుగునా నెత్తురు. చచ్చినవాళ్ళకు నెత్తురు కారదని దొమితీలాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నిసెఫొరో దొడ్డిలో గొర్రెల మధ్య ముడుచుకుని ఉన్నాడు. గోడ మీది తడికంబళిని లాక్కుని కప్పుకున్నాడు. అది అతని ఒంటి మీదే గడ్డకట్టింది.

మళ్ళీ ఐదో రోజు వచ్చింది. అవే బట్టలు మళ్ళీ ఉతికారు. సారా తాగారు గానీ మెలితోన్ నోటికి ఒక్క హాస్యమూ రాలేదు. ఎవులాలియా తన అత్త ముఖం కూడా చూడలేదు.

సాయంత్రం మెలితోన్ బూడిద తట్ట తెచ్చాడు.

"వద్దు," అంది దొమితీలా. "తలుపు కూడా వెయ్యకండి."

ఆమె వెళ్ళి గడప మీద కూర్చుంది. పొగమంచు దిగింది. ఎవరూ పిలవలేదు. అయినా ఆమె ఉండుండి, "ఆఁ నాయనా, తీశాను, రా," అని పలుకుతూనే ఉంది.